ట్రైలర్ పనికి ఏ వెల్డింగ్ మెషీన్ తీసుకోవాల?



ఈ పాఠంలో ఇనుము పని గురించి మాట్లాడుకుందాం. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు ఇప్పుడు చానా ఇళ్ళల్లో చిన్న ట్రాక్టరో టిల్లరో ఉంది. దాని వెనక ఒక ట్రైలర్ ఉంది, షెడ్డులో ఇనుప స్టాండ్లు ఉన్నాయి. ఏదో ఒకటి విరుగుతానే ఉంటుంది. అందుకే "మనమే ఒక వెల్డింగ్ మెషీన్ పెట్టుకుంటే ఎట్లుంటుంది? ఏది తీసుకోవాల?" అని అడిగేవాళ్ళు ఎక్కువైనారు. అంగట్లో అడిగితే ఒకాయన 200 ఆంపియర్లు అంటాడు, ఇంకొకాయన 250 అంటాడు, మూడో ఆయన మిగ్ తీసుకోమంటాడు. మేం ఏ కంపెనీ పేరూ చెప్పం. డబ్బా మీది పెద్ద నంబరు పక్కన పెట్టి, మీ ట్రైలర్ ఇనుము ఎంత మందం, మీ ఇంటి కరెంటు లైను ఎంత మోస్తుంది అనే రెండు లెక్కలు ముందు వేసుకోండి అంటున్నాం. ఈ రెండు లెక్కలు తేలితే మెషీన్ దానంతట అదే తేలుతుంది.

ట్రైలర్ గురించి ఇంత మాట్లాడడం ఎందుకో మీకు తెలియంది కాదు. నాలుగో జ్వరం లేచినాక పురుగు ఆరేడు రోజులు మేస్తుంది. మొత్తం పంటకు పోయే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఆ ఒక్క వారంలోనే పోతుంది. నూరు లేయింగ్స్‌కు మొత్తం మీద సుమారు ఒక టన్ను ఆకు అనుకుంటే, మూడు వందల లేయింగ్స్ మేపే ఇంటికి ఆ వారంలో రోజుకు మూడున్నర క్వింటాళ్ళ దాకా ఆకు కావాల. కొమ్మతో కోసి తెచ్చేవాళ్ళకు బరువు అర టన్ను దాటుతుంది. తోట ఇంటికి దూరంగా ఉంటే అది నెత్తిన మోసే బరువు కాదు. ఆ వారంలో ట్రైలర్ విరిగితే వెల్డింగ్ అంగడాయన "రేపు రాప్పా" అంటాడు. ఆ రేపటికి పురుగు ఆగదు. వేళకు మేపు పడకపోయినా, వాడిన ఆకు పడినా గూడు పలచబడుతుంది. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో ఆ పలచనకు తగ్గే ధర మన జేబులోదే.

సరే, మన ఇనుము సంగతి. ఒక టేపు, కుదిరితే ఒక వెర్నియర్ తీసుకొని ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరగండి. పక్క రేకులు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటాయి. షెడ్డు స్టాండ్ల పైపులు అంతకంటే పలచన. నిలువు యాంగిళ్ళు 5, 6 మిల్లీమీటర్లు. కింద చాసీ సి-చానల్. 100 మిల్లీమీటర్ల చానల్‌కు నడుమ గోడ 5 మిల్లీమీటర్ల దగ్గర, పైనా కిందా అంచులు ఏడున్నర దాకా ఉంటాయి. అంటే మన పనంతా 2 నుంచి 8 మిల్లీమీటర్ల లోపలే.

ఈ మందాలకు రెండు సైజుల రాడ్లు చాలు. అంగట్లో 12 నంబరు అనేది 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, 10 నంబరు అనేది 3.15 రాడ్డు. 2.5 రాడ్డు 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య కాలుతుంది. 3.15 రాడ్డుకు 90 నుంచి 130 కావాల. 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్ల రాడ్డుకు 140 నుంచి 180 దాకా పోతుంది గానీ మన ట్రైలర్‌కు దాని అవసరం దాదాపు రాదు. మందమైన చోట 3.15 రాడ్డుతోనే రెండు మూడు వరసలు వేసుకోవచ్చు. కాబట్టి మనకు కావాల్సింది 130 ఆంపియర్లు నిలకడగా ఇచ్చే మెషీన్. 250 అని రాసినదానికి డబ్బు పెట్టే పని లేదు.

'నిలకడగా' అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. మెషీన్ వెనక చిన్న రేకు మీద డ్యూటీ సైకిల్ అని ఉంటుంది. 200 ఆంపియర్లు, 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆ కరెంటుతో కాల్చవచ్చు, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాల అని అర్థం. 20 శాతం అని ఉంటే రెండే నిమిషాలు. అదే మెషీన్‌ను 120 మీద నడిపితే ఎక్కువసేపు తట్టుకుంటుంది. మామూలుగా ఈ లెక్క 40 డిగ్రీల వేడికి కడతారు. ఏప్రిల్‌లో బాగేపల్లి ఎండలో రేకుల కింద పెట్టి నడిపితే అంతకంటే ముందే అలిసి ఆగిపోతుంది. డ్యూటీ సైకిల్ రాయని మెషీన్‌ను మేమైతే తీసుకోం.

ఇక రకాలు. పాత రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లు మీరంతా చూసినవే, అంగడి ముందర చక్రాల మీద నిలబడి గుయ్యిమంటుంటాయి. మొండివి. దుమ్ముకు, దెబ్బకు జంకవు, ఇరవై ఏండ్లు నడిచినవి ఉన్నాయి. కానీ బరువు, కరెంటు గుంజుడు రెండూ ఎక్కువే, పెద్దవి ఎక్కువగా రెండు ఫేజుల మీద 415 వోల్టులతో నడుస్తాయి. ఇంటి సింగిల్ ఫేజుకు పనికిరావు. సెకండ్ హ్యాండులో చవగ్గా వస్తుందని తెచ్చుకుంటే దాన్ని తగిలించే లైనే మన దగ్గర ఉండదు.

ఇన్వర్టర్ మెషీన్ ఒక చేత్తో మోసేంత బరువు. 230 వోల్టుల మీద నడుస్తుంది, డీసీ కరెంటు ఇస్తుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మంట సులభంగా నిలుస్తుంది, రాడ్డు అతుక్కునేది తక్కువ. దీనికి శత్రువు దుమ్ము. లోపల ఫ్యాను గాలి లాగుతుంది, గాలితోపాటు గ్రైండర్ ఇనుప పొడినీ లాగుతుంది. మన షెడ్లల్లో ఇంకోటి ఉంది: పడకల మీద చల్లే సున్నం, బ్లీచింగ్ పొడి. బ్లీచింగ్ క్లోరిన్ సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. మెషీన్‌ను మేపు షెడ్డులో మూల పెట్టి మరిచిపోవద్దు. ఇంట్లో పెట్టండి, నెలకొకసారి గాలి కొట్టించండి.

మిగ్ మెషీన్‌లో రాడ్డు బదులు తీగ దానంతట అదే వస్తుంది. పలచని రేకుకు బాగుంటుంది, పని తొందరగా అవుతుంది. కానీ గ్యాసు సిలిండర్ కావాల, ఇనుము శుభ్రంగా ఉండాల, గాలి తగలకూడదు. తుప్పు, పేడ, బురద అంటిన ట్రైలర్‌ను ఆరుబయట చేసే మనకు అది సరిపోదు. గాలికి గ్యాసు ఎగిరిపోతే వెల్డు జల్లెడలాగా బొక్కలు పడుతుంది. గ్యాసు లేని తీగతో నడిచేవీ ఉన్నాయి, వాటికి పొగ ఎక్కువ, తీగ ఖర్చూ ఎక్కువ. అంగడి పెట్టుకునే ఆలోచన ఉన్న కుర్రవాళ్ళకు మిగ్ సరే. సొంత ట్రైలర్‌కు మాత్రం మా ఓటు సింగిల్ ఫేజు ఇన్వర్టర్ ఆర్క్ మెషీన్‌కే. 160 నుంచి 200 ఆంపియర్ల తరగతి, 130 దగ్గర నిలకడగా కాలేది.

రెండో లెక్క కరెంటుది. ఇక్కడే చానామంది పప్పులో కాలేస్తారు. 3.15 రాడ్డు 120 ఆంపియర్ల మీద కాలేటప్పుడు మంట దగ్గర వోల్టేజి సుమారు 25. గుణిస్తే 3 కిలోవాట్లు. మెషీన్ తన నష్టాలతో కలిపి లైను నుంచి మూడున్నర కిలోవాట్ల దాకా గుంజుతుంది. మామూలు ఇన్వర్టర్ల పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి తీగలో పారేది 20, 22 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. 2.5 రాడ్డుకైతే 14 ఆంపియర్లు. అంటే 16 ఆంపియర్ల ప్లగ్గు 2.5 రాడ్డు దాకా ఓర్చుకుంటుంది. 3.15 కాల్చాలంటే మీటరు దగ్గర నుంచి వేరే లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 32 ఆంపియర్ల ఎంసీబీ వేయించుకోవాల. ఇదే లెక్కతో అంగట్లో అబద్ధాన్నీ పట్టుకోవచ్చు. నిజంగా 200 ఆంపియర్లు ఇచ్చే మామూలు సింగిల్ ఫేజు మెషీన్ లైను నుంచి 40 ఆంపియర్ల దాకా గుంజుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సన్న తీగ తగిలించి 200 అని రాసి ఉంటే ఆ రాతను నమ్మవద్దు.

ఎక్స్‌టెన్షన్ తీగ సంగతి కూడా చూడండి. ఇంటి నుంచి షెడ్డుకు 50 మీటర్లు ఉందనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే 22 ఆంపియర్లకు దారిలోనే 25 వోల్టుల దాకా పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే పదికి లోపలే. సాయంత్రం ఊర్లో అసలు వోల్టేజే 190 ఉంటే సన్న తీగ చివర మెషీన్‌కు అందేది 165. చానా మెషీన్లు అక్కడ ఆగిపోతాయి, లేదా రాడ్డు అతుక్కుంటుంది. అప్పుడు మెషీన్‌ను తిట్టి లాభం లేదు. కొనేటప్పుడు ఎన్ని వోల్టుల దాకా పనిచేస్తుందో రేకు మీద చూసుకోండి. మీ ఇంటి వోల్టేజిని పొద్దున, సాయంత్రం వారం రోజులు కొలిచి రాసుకొని పోతే ఇంకా మేలు. మీటరు శాంక్షన్ లోడు కూడా చూడండి. ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే ముందు బెస్కాంకు అర్జీ పెట్టి పెంచుకోండి.

పంపుసెట్టు లైనుకు తగిలిస్తే పోదా అని అడుగుతారు. వద్దు. 10 హెచ్‌పీ దాకా ఉచితంగా వచ్చే ఆ కరెంటు నీళ్ళ కోసం ఇచ్చినది. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది, జరిమానా కట్టాల్సి వస్తుంది. స్టార్టర్ డబ్బాలో నుంచి వైర్లు లాగి తడి మడిలో నిలబడి వెల్డింగ్ చేస్తే ప్రాణానికే ప్రమాదం, అది వేరే మాట. జనరేటర్ ఉన్నవాళ్ళకు 2.5 రాడ్డుకు 5 కేవీఏ, 3.15కు 7.5 కేవీఏ ఉంటే నెమ్మదిగా నడుస్తుంది. పెళ్ళి లైట్లకు తెచ్చే 2, 3 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌తో అయ్యే పని కాదు.

అంగడికి పోయేటప్పుడు మీ ట్రైలర్ మందానికి సరిపోయే 6 మిల్లీమీటర్ల ఇనుప ముక్కలు రెండు సంచిలో వేసుకొని పోండి. వాళ్ళ ముందరే 3.15 రాడ్లు మూడు వరసగా, ఆపకుండా కాల్చి చూపించమనండి. సగంలో ఎర్ర లైటు వెలిగి ఆగిపోతే సంగతి అర్థమైనట్టే. తరువాత ఆ ముక్కను వైస్‌లో బిగించి సమ్మెట దెబ్బకు వంచి చూడండి. రిపేరీ ఎక్కడ చేస్తారో, బోర్డు పోతే ఎన్ని రోజులు పడుతుందో అడగండి. చింతామణిలోనో చిక్కబళ్ళాపురంలోనో చేసేవాడున్న మెషీన్ వెయ్యి రూపాయలు ఎక్కువైనా మంచిదే. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చి, పోతే మళ్ళీ పార్సిల్ కట్టాల్సిన మెషీన్ నాలుగో జ్వరంలో ఏమాత్రం అక్కరకు రాదు.

రాడ్ల మాట కొంచెం. మామూలుగా దొరికేది 6013. రేకుకు, యాంగిల్‌కు, స్టాండ్లకు అది చాలు. ఎక్కువ ఊపు, బరువు పడే చోట 7018 వాడతారు. దాని వెల్డు గట్టిదే కాదు, సాగే గుణమూ ఉంటుంది కాబట్టి తొందరగా పగలదు. కానీ దానికి తేమ పడదు. తేమ తగిలినదాన్ని 300 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటకు పైగా కాల్చాల, ఎండలో పెడితే చాలదు. ఓవెన్ లేని ఇంట్లో సగం వాడిన 7018 ప్యాకెట్టు వానకాలం దాటి దాచుకొని, దాంతో ట్రైలర్ కట్టడం కంటే పొడి 6013 మేలు. 6013నైనా మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి.

ఇప్పుడు పగులు. ట్రైలర్ చాసీ చానల్‌లో సన్నని పగులు కనిపించగానే దాని మీదనే ఒక వరస వెల్డు లాగి పంపడం మన రోడ్ల మీద రోజూ చూస్తున్నాం. నెల తిరక్కుండా అది పక్కనే మళ్ళీ పగులుతుంది. ముందు రంగు, తుప్పు, నూనె గ్రైండర్‌తో తీసేసి పగులు ఎక్కడ ముగిసిందో వెతకాల. ఆ కొన దగ్గర 5 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు ముందుకు పాకేది ఆగుతుంది. తరువాత పగులు పొడవునా వి ఆకారంలో లోతుగా గ్రైండ్ చేసి, అడుగు నుంచి నింపుకుంటూ రావాల, ప్రతి వరస తరువాత పైపొక్కు కొట్టి బ్రష్షుతో రుద్దాల. నిలువు కీలు అయితే పైనుంచి కిందికి జార్చి వేసినది చూపుకు నున్నగా ఉంటుంది, లోపల పట్టు ఉండదు. కింది నుంచి పైకి వేయండి, లేదా ట్రైలర్‌ను పడుకోబెట్టి చేయండి. పైన పట్టీ వేస్తే చదరపు ముక్క వద్దు, రెండు కొనలూ సన్నగా ఉండే కర్ర బిళ్ళ ఆకారంలో కోయండి. చానల్ అంచుకు అడ్డంగా వెల్డు గీత పడితే తరువాతి పగులు ఆ గీత పక్కనే మొదలవుతుంది.

ఎర్త్ క్లిప్పు గురించి ఎవరూ చెప్పరు గానీ ముఖ్యం. వెల్డు పడే ముక్కకే, దగ్గరగా, తుప్పు గీకి తగిలించండి. క్లిప్పు ఒక పక్క, వెల్డు చక్రానికి అటు పక్క అయితే కరెంటు బేరింగ్ గుండా పోయి దాని గుండ్లను కాలుస్తుంది. ట్రైలర్‌ను ట్రాక్టర్ నుంచి విప్పి చేయండి. విప్పలేకపోతే ట్రాక్టర్ బ్యాటరీ వైర్లయినా తీసేయండి.

మెషీన్ ఎంత మంచిదైనా ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. ట్రాక్టర్‌కు తగిలించే రింగు పగిలితే అది మార్చాల్సిందే, వెల్డు పెట్టి నడపవద్దు. యాక్సిల్ ఇనుము వేరే రకం, వేడి చేసి తొందరగా చల్లారితే గాజులాగా పెళుసవుతుంది. కమాను పట్టీలూ అంతే. డ్రా బార్ మొదట్లో, చాసీకి కలిసే చోట పెద్ద పగులుంటే బాగా చేయి తిరిగిన మేస్త్రి దగ్గరికే తీసుకుపోండి. నలుగురు కూలీలు కొమ్మల మోపుల మీద కూర్చొని వచ్చే బండి అది, దిగుడు రోడ్డులో ఊడితే ఆపేవాడు ఉండడు. అసలు మోపుల మీద మనుషుల్ని కూర్చోబెట్టడమే వద్దని ఎన్నిసార్లు రాసినా మా మాట సాగడం లేదు. టైరు ఎక్కించి ఉన్న డిస్కుకు వెల్డింగ్ పెట్టవద్దు. గాలి తీసినా సరే, లోపల రబ్బరు వేడికి గ్యాసు పుట్టి టైరు బాంబులాగా పేలుతుంది. డీజిల్, ఫార్మాలిన్ పోసిన డ్రమ్ములు ఎన్ని రోజులు ఖాళీగా ఉన్నా ముట్టుకోవద్దు. కొత్తగా ట్రైలర్ కట్టాలనుకునేవాళ్ళకు ఒక మాట: రోడ్డెక్కే ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ కావాల. ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి తరువాత ఇనుము కొనండి. తోట లోపలే తిరిగే చిన్న తోపుడు బండి అయితే మీ ఇష్టం.

షెడ్డు దగ్గర జాగ్రత్తలు వేరే ఉన్నాయి. పురుగు ఉన్నప్పుడు లోపల గానీ, కిటికీకి గాలి వచ్చే వైపు గానీ వెల్డింగ్, పెయింటింగ్ రెండూ వద్దు. పొగ, థిన్నర్ వాసన పురుగుకు పడవు. స్టాండ్లు చానావరకు జీఐ పైపులు. వాటి మీది జింకు కాలితే తెల్లని పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డు పడే చోట రెండు మూడు అంగుళాలు పూత గీకేసి, ఆరుబయట, గాలికి వీపు పెట్టి చేయండి. బ్లీచింగ్ అంటిన ఇనుమును ముందు నీళ్ళతో బాగా కడిగి ఆరనివ్వండి. ఎండు కొమ్మలు, వాడేసిన చంద్రికలు నిప్పురవ్వకు అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు. రెండు బిందెల నీళ్ళు, ఒక బుట్ట ఇసుక పక్కనే ఉండాల, పని అయినాక అరగంట ఒకరు అక్కడే ఉండాల.

మెషీన్ డబ్బులో కొంత కంటి అద్దానికి పక్కన పెట్టండి. 10 లేదా 11 నంబరు నల్ల గాజు ఉన్న హెల్మెట్ కావాల. చేత్తో పట్టుకునే పలకతో రెండు చేతులూ పనికి రావు, అందుకే మనవాళ్ళు కళ్ళు మూసుకొని అంటించేస్తారు. మంట చూసిన కళ్ళకు అప్పుడేమీ తెలియదు. ఆరేడు గంటల తరువాత, నడిరాత్రి, ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. చుట్టూ నిలబడి చూసే పిల్లలకూ అదే గతి. పాలు, చెట్ల పసర్లు పోయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

అందరూ కొనాలా అంటే అక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు సార్లు విరిగే ఇంటికి అంగడే చవక. పోయిన ఏడాది వెల్డింగ్‌కు ఎంత ఇచ్చారో, అంగడి తీరిక కోసం ఎన్ని మేపులు ఆలస్యమైనాయో ఒక కాగితం మీద వేసి చూడండి. పక్కపక్క తోటల వాళ్ళు నలుగురు కలిసి ఒక మెషీన్, ఒక గ్రైండర్, రెండు హెల్మెట్లు పెట్టుకుంటే ఖర్చు తేలికవుతుంది. అట్లయితే వాడేవాడు ఒక్కడే ఉండాల, బాధ్యత కూడా అతనిదే. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది. ఇంట్లో ఆసక్తి ఉన్న పిల్లవాడో పిల్లో ఉంటే అది ఆలోచించండి.

ట్రైలర్‌ను చూసే సమయం పంటకూ పంటకూ మధ్యన, షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లోనే. చాకీ పురుగులు ఇంటికి రాకముందే ట్రైలర్ కింద నీళ్ళు కొట్టి కడిగి, ఆరినాక టార్చి వేసి డ్రా బార్ మొదలు, కమాను బ్రాకెట్లు, చానల్ మూలలు చూడండి. రంగు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే దాని కింద పగులు ఉండొచ్చు. రిపేరీ చేసినాక ఒక రోజు సగం లోడుతో తోట దారిలోనే తిప్పండి. మళ్ళీ టార్చి వేసి వెల్డు పక్కన చూసి, ఏమీ లేదంటే రెడ్ ఆక్సైడ్ కొట్టి అప్పుడు రోడ్డెక్కించండి.